పాదానికి లయ - ప్రాణానికి శ్రుతి

సూర్యోదయానికి 96 నిమిషాల ముందు ప్రారంభమై 48 నిమిషాలపాటు నిలిచే కాలాన్ని పెద్దలు బ్రాహ్మీముహూర్తమని వ్యవహరిస్తారు. వేదాధ్యయనానికి, జపానికి, సంగీత సాధనకు అంతకంటె అనువైన వేళ లేదు. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లిలో నేను ఆలయ ద్వారం తెరవడానికి బయలుదేరేది ఆ సమయంలోనే. పత్తిచేలపై మంచు ఇంకా విడిచి ఉండదు. ఆ నిశ్శబ్దంలో కొన్నేండ్లుగా ఒక ధ్వని నాకు పరిచితమైంది. అది పరుగెత్తే పాదాల సవ్వడి.

ఆ పరుగు తీసేవారిలో అధికులు పోలీసు కొలువు కోరే యువతీయువకులు. 2022 నాటి నియామకాలలో పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయవలసి వచ్చింది. ఉమ్మడి వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం సాధించిన పిమ్మట పల్లెలలో పరుగుకు గౌరవం మరింత పెరిగింది. అయితే నేను చెప్పబోయే వ్యక్తికి కొలువు అవసరం లేదు, పతకంపై ఆశా లేదు. ఆయన ఒక పాఠశాల ఉపాధ్యాయుడు. కేవలం ఇష్టం కొద్దీ పరుగెత్తుతాడు. కేవలం ఇష్టం కొద్దీ కర్ణాటక సంగీతం నేర్చుకుంటాడు.

ఆయన దినచర్య గడియారం వంటిది. నాలుగున్నరకు లేచి పరకాల బాటలో ఐదారు కిలోమీటర్ల పరుగు, ఆదివారమైతే పదిహేను. తిరిగి వచ్చి స్నానం, దీపారాధన. అటుపై శ్రుతిపెట్టె ముందు అరగంట మాయామాళవగౌళలో సరళీవరుసలు, అలంకారాలు. సెలవు దినాలలో హనుమకొండ వెళ్లి గురువు వద్ద పాఠం. రాత్రి భోజనానంతరం ఒక కృతి వినడం. ఈ నియమానికి విఘ్నం కలిగించినవాణ్ణి నేనే. ఆ సంగతి చెప్పుకొనడానికే ఈ వ్యాసం.

ఒక ప్రశ్న, ఒక కటువైన జవాబు

ఒకనాటి ఉదయం ఆయన ఆలయ ప్రాకారం బయట నిలిచి, నుదుటి చెమట తుడుచుకుంటూ అడిగాడు: "అయ్యగారూ, ఉరికేటప్పుడు చెవుల త్యాగరాజస్వామి కీర్తన పెట్టుకుంటే తప్పా?"

నేను ఆయన కాళ్లవైపు చూశాను. బూట్లు, బురద. ఒళ్లంతా చెమట. అనధ్యాయ ప్రకరణం నా మనసులో మెదిలింది. ఏయే సందర్భాలలో వేదం చదువరాదో చెబుతూ యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయం పరుగెత్తుతున్న వేళను కూడా అందులో చేర్చింది. "పరుగెత్తేవానికి అధ్యయనమే నిషిద్ధం నాయనా! చెప్పులతో, చెమటతో స్వామి కీర్తన ఏమిటి? అపచారం కాదా?" అన్నాను. ఆయన తల వంచి నమస్కరించి వెళ్లిపోయాడు. ధర్మం చెప్పానన్న తృప్తితో నేను లోపలికి వచ్చాను.

ఆ తరువాత పాదాల చప్పుడు యథాప్రకారం వినిపిస్తూనే ఉన్నది. ఆ మనిషి మాత్రం గుడి ముందు ఆగడం మానివేశాడు. నేను దానిని పట్టించుకొనలేదు.

శిక్షావల్లిలోని ఆరు

కొంతకాలానికి నాకు మధుమేహం బయటపడింది. రోజూ అరగంట వేగంగా నడిచి తీరాలని వైద్యుడు ఆదేశించాడు. అరవై దాటిన దేహం, పీటపై కూర్చుని పూజలు చేసిన మోకాళ్లు. మొదటి వారం వంద అడుగులకే ఆయాసం. నడక తొందరయితే ఊపిరి అందదు, ఊపిరి కోసం ఆగితే నడక సాగదు.

ఆ అవస్థలో నాకు బాల్యంలో గురుముఖతః నేర్చిన తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి జ్ఞాపకం వచ్చింది. వేదోచ్చారణకు అంగాలుగా అది ఆరింటిని పేర్కొంటుంది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. అక్షరం, దాని ఎత్తుపల్లాలు, దాని నిడివి, పలికే ప్రయత్నం, హెచ్చుతగ్గులు లేని సమత, తెగని కూర్పు అని వీటి భావం. ఈ ఆరింటిలో చివరి నాలుగు నడకకు ఎంత చక్కగా సరిపోతాయో అడుగు వేస్తేనే తెలిసింది. అడుగు నిడివి మాత్ర. అందులో పెట్టే శక్తి బలం. మొదటి ఫర్లాంగు, చివరి ఫర్లాంగు ఒకే తీరున సాగడం సామం. మధ్యలో తెగకుండా కొనసాగడం సంతానం. సంగీతజ్ఞులు కాలప్రమాణమని దేనిని అంటారో అదే ఇక్కడ సామం. పాఠకులలో అధముణ్ణి వర్ణిస్తూ పాణినీయ శిక్ష తొందరపడి చదివేవాణ్ణి, తల ఊపేవాణ్ణి ప్రత్యేకంగా పేర్కొన్నది. పరుగెత్తేవానికి కూడా ఆ రెండూ దోషాలే.

ఎంత శ్రమించాలన్న విషయంలోనూ మన పూర్వులు మౌనం వహించలేదు. బలవంతులు సైతం శీతకాలంలో, వసంతంలో తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని వాగ్భటుని అష్టాంగహృదయం విధించింది. బాలురకు, వృద్ధులకు, అజీర్ణంతో బాధపడేవారికి వ్యాయామం వద్దన్నది. దేహాన్ని పీడించని నడకను సుశ్రుతుడు వేరుగా ప్రశంసించాడు. అది ఆయుష్షును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేస్తుందన్నాడు. నా వయస్సుకు నడక, ఆ ఉపాధ్యాయుని వయస్సుకు పరుగు అని శాస్త్రమే తేల్చి చెప్పింది.

తల్లి పెట్టిన ప్రసాదం

ఇంతలో అన్నమాచార్యుల వర్ధంతి సమీపించింది. ఉపన్యాసం కోసం ఆయన మనుమడు తాళ్లపాక చిన్నన్న రచించిన ద్విపద చరిత్రను మరల తెరిచాను. బాలుడైన అన్నమయ్య తిరుమల కొండ ఎక్కుతూ మోకాళ్ల పర్వతం వద్ద అలసి సొమ్మసిల్లిన ఘట్టం అది. కాళ్లకు పాదరక్షలున్నాయి. అలమేలుమంగమ్మ దర్శనమిచ్చి, ఈ కొండ సాలగ్రామమయమని, పాదరక్షలు విడిచి ఎక్కమని బోధించింది. ఆకలితో ఉన్న బిడ్డకు స్వామి ప్రసాదం తినిపించింది. ఆ ఆనందంలో బాలుని నోట శతకమే వెలువడింది.

ఈ కథను ఎన్నోమార్లు చెప్పాను. ఆనాడు మాత్రం చదువుతుండగా నా చేయి ఆగిపోయింది. నా ముందు కూడా పాదరక్షలతో, చెమటతో, పాట మీద ప్రేమతో ఒక బిడ్డ నిలిచాడు. అమ్మవారు నియమం చెప్పింది, దానికి కారణం చెప్పింది, ఆకలి తీర్చింది. నేను నియమం మాత్రమే చెప్పి పంపివేశాను. పైగా ఆ నియమం కూడా తప్పుగా చెప్పాను. యాజ్ఞవల్క్యుడు పరుగులో నిషేధించినది వేదాధ్యయనాన్ని. కీర్తన వేదాధ్యయనం కాదు.

కీర్తనకు నడకతో వైరమే ఉంటే, త్యాగరాజస్వామి (1767-1847) తంబుర పట్టి తిరువయ్యారు వీధులలో పాడుతూ ఉంఛవృత్తి ఎందుకు చేస్తారు? తంజావూరు రాజాస్థానపు పిలుపును కాదన్న ఆ మహనీయుడు బియ్యపు గింజల కోసం నడిచిన వీధులవి. నేటికీ పుష్య బహుళ పంచమినాడు ఆయన ఆరాధనలో ఉంఛవృత్తి భజన సాగుతుంది. పిమ్మట నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాలలోని పంచరత్నాలను విద్వాంసులందరూ కలిసి గానం చేస్తారు.

ఆ యాజ్ఞవల్క్యస్మృతిలోనే మరొక చోట, వీణావాదన తత్త్వం తెలిసినవాడు, శ్రుతులలో నేర్పరి, తాళజ్ఞుడు ప్రయాస లేకుండానే మోక్షమార్గం చేరుతాడని ఉన్నది. ఆ మాట ఉన్నది ప్రాయశ్చిత్తాధ్యాయంలో. నేను చేయవలసినదేమిటో దానితో అర్థమైంది.

ఆయన ఇంటి గడపలో

ఆ సాయంత్రం ప్రసాదం తీసుకొని ఉపాధ్యాయుని ఇంటికి వెళ్లాను. శ్రుతిపెట్టె అలమారలో గుడ్డ కప్పి ఉన్నది. "పాఠం ఎంతవరకు వచ్చింది నాయనా?" అని అడిగాను. ఆయన కాసేపు పలుకలేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు: "ఉరుకుడు మానలేదు అయ్యగారూ. పాటనే మానిన. నాసోంటోనికి అది తగదేమో అనుకున్న."

నా నోట మాట రాలేదు. ఒక్క కటువైన మాట ఒక ఇంటిలో శ్రుతిని ఆపివేసింది. శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా చెబుతారు. ఆయనకు లయను మిగిల్చి శ్రుతిని దూరం చేసినవాణ్ణి నేను. "తప్పు నాది నాయనా. నిషేధం వేదానికి, నీ పాటకు కాదు" అని చెప్పి ప్రసాదం చేతిలో పెట్టాను.

కొంతసేపటికి ఆయన తేరుకుని తన అనుభవం వివరించాడు. అడుగుకు ఒక అక్షరం చొప్పున ఆదితాళం వేసుకుంటే, అది ఎనిమిది అక్షరాలది కనుక తాళం మొదలు ఎప్పుడూ ఒకే పాదంపై పడుతుందట. మిశ్రచాపుకు ఏడు అక్షరాలు కనుక ఒకసారి కుడిపాదంపై, మరుసారి ఎడమపాదంపై పడుతుందట. మరునాటి నడకలో నేను పరీక్షించి చూశాను. అక్షరాలా నిజం! వేదంలో మాత్రలు లెక్కించి ఇన్నేండ్లు గడిపిన నాకు ఆ సూక్ష్మం ఒక శిష్యుడు చెబితే తెలిసింది.

ఇయర్‌ఫోన్ల సంగతి కూడా ఆనాడే తేలింది. ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం పోటీలో పరుగెత్తేవారు పాటలు వినిపించే యంత్రాలను వాడరాదు. దానిని బయటి సాయంగా పరిగణిస్తారు. ఆ మాట చెప్పింది ఆయనే. నేను మరొక కారణం జోడించాను. చీకటి బాటలో చెవులు మూసుకుంటే వెనుక వచ్చే లారీ వినిపించదు. అంతేకాదు, అలుపు తెలియకుండా ఉండడానికే కీర్తన పెట్టుకుంటే అది మనకు సేవకురాలవుతుంది. నడుస్తూ నడుస్తూ మనసులో దానంతట అది మెదిలితే మనం దానికి సేవకులమవుతాం. ఆయన అంగీకరించాడు.

కాకతీయుల నేలలో

శరీర శ్రమ, కళాభిరుచి ఒకే మనిషిలో ఒదుగుతాయా అని సందేహించేవారు మన ప్రాంత చరిత్రను తిలకించాలి. కాకతి గణపతిదేవుని గజసాహిణిగా ఏనుగుల దళాన్ని నడిపిన జాయప సేనాని 13వ శతాబ్దంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రచించాడు. రణరంగంలో ఉండే మనిషికి అడుగుల లయ తెలుసు. 1213 నాటి పాలంపేట రామప్ప దేవాలయంలో నర్తకీమణుల శిల్పాలను చూస్తే రాతికి కూడా తాళం తెలుసుననిపిస్తుంది. 2021లో యునెస్కో ఆ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అటువంటి నేలపై ఒక బడిపంతులు ఉదయం పరుగెత్తి, స్నానమాచరించి, సరళీవరుసలు పాడుకుంటే ఆశ్చర్యమేమున్నది?

గృహస్థులకు నాలుగు మాటలు

ఈ అనుభవం వల్ల గ్రహించిన నాలుగు విషయాలను భక్తజనులకు విన్నవించుకుంటాను.

మొదటిది, నడకైనా పరుగైనా సగం శక్తితోనే చేయాలి. తోడి మనిషితో మాట్లాడగలిగినంత ఊపిరి మిగిలి ఉండాలి. వ్యాధిగ్రస్తులు, వృద్ధులు వైద్యుని సలహా లేనిదే పరుగుకు పూనుకొనరాదు.

రెండవది, వేదమంత్రాలను దారి వెంట వినోదంగా వినవద్దు. వాటికి ఆసనం, శుచి, గురూపదేశం అవసరం. భగవన్నామానికి, కీర్తనకు మాత్రం దేశకాల నియమం లేదు. వాటిని మనసులో నిలుపుకొని నడవండి.

మూడవది, దినంలో కనీసం పావుగంట మరే పనీ పెట్టుకోకుండా కూర్చుని ఒక కృతిని ఆద్యంతం వినండి. వంట చేస్తూ విన్నది, నడుస్తూ తలచినది ఆ పావుగంటలోనే మనసుకు ఎక్కుతుంది. ఇంటిలో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి.

నాలుగవది పెద్దలకు, ముఖ్యంగా నావంటి అర్చకులకు. పిల్లలు సందేహంతో గుడి ముందు నిలిచినప్పుడు వారి పాదాలను చూసి జవాబు చెప్పకండి. నియమం చెప్పవలసి వస్తే కారణం కూడా చెప్పండి. చెప్పిన పిమ్మట ప్రసాదం పెట్టి పంపండి.

ఇప్పుడు ఆ ఉపాధ్యాయుడు ఆదివారం దూరపు పరుగు ముగించుకుని ఆలయం ముందు ఆగుతాడు. బూట్లు విడిచి, కాళ్లుచేతులు కడుక్కుని ధ్వజస్తంభం వద్ద నిలుస్తాడు. ఊపిరి ఇంకా పూర్తిగా కుదుటపడదు. అయినా మెల్లగా ఆధారషడ్జం అందుకుంటాడు. తొలిసారి కాస్త వణుకుతుంది. రెండవసారి నిలుస్తుంది. గర్భాలయంలో దీపం సవరిస్తూ నేను ఆ రెండవసారి కోసం వేచి ఉంటాను.

సర్వం శ్రీరామచంద్ర చరణారవిందార్పణమస్తు.