మా ఇంటి రికార్డింగు భాగోతం

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాడికి గిటారెందుకయ్యా అని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. మా అబ్బాయి హాస్టలుకు వెళ్ళిపోతూ తన ఎలక్ట్రిక్ గిటారు, చిన్న సింథసైజరు, కాలితో నొక్కే పెడల్సు మూడూ నా పుస్తకాల గదిలో పెట్టి, "నాన్నగారూ, వీటి జోలికి వెళ్ళకండి" అని మరీ చెప్పాడు. చెప్పకపోతే వెళ్ళకపోదునేమో!

అసలు కారణం మా అమ్మ. ఆవిడ దగ్గరొక జోలపాట ఉంది. వాళ్ళ అమ్మమ్మ పాడేదట. నేను తిరగేసిన జోలపాటల సంపుటాల్లో ఎక్కడా అది కనబడలేదు. నా చిన్నప్పుడు దానికి అయిదు చరణాలు. నిరుడు అడిగితే నాలుగే పాడింది. అయిదోది ఏమయిందంటే, "ఏమో నాయనా, ఎటో పోయింది" అన్నది. ఆవిడకు 78 ఏళ్ళు. మిగిలిన నాలుగూ పోకముందే పట్టుకోవాలని నాకు తొందర పుట్టింది. పట్టుకునేదేదో వాద్యాలతో సహా దర్జాగా పట్టుకుందామన్నది మాత్రం నా సొంత దురాశ.

ఇంట్లో కూర్చుని ఒక్కడే పదిమంది పెట్టు వాయించడం ఇవాళ పుట్టిన వింత కాదు. లెస్ పాల్ అనే అమెరికన్ గిటారు విద్వాంసుడు 1948లో వచ్చిన "లవర్" అనే రికార్డులో ఎనిమిది గిటారు భాగాలు తానొక్కడే వాయించాడు. హాలీవుడ్‌లో తన ఇంటి గారేజీయే ఆయన స్టూడియో. టేపు కూడా లేకుండా చేసిన పని అది. ఒక డిస్కు మీద వాయించినదాన్ని మోగిస్తూ, దానితోబాటు మరొకటి వాయిస్తూ, ఆ రెండింటినీ కలిపి ఇంకో డిస్కు మీదికి ఎక్కించేవాడు. ఎక్కడ తప్పు దొర్లినా మళ్ళీ వాయించుకోవలసిందే. నాకేమో కంప్యూటరుంది, తప్పును చిటికెలో చెరిపేయవచ్చు. అందుకే కాబోలు, నావన్నీ తప్పులే.

మొదట వాద్యాలు సిద్ధం చేసి, ఆ పైన అమ్మచేత పాడిద్దామనుకున్నాను. నిమిషానికి 72 దెబ్బల చొప్పున కంప్యూటరు చెవిలో టిక్కుటిక్కుమంటూంటే గిటారు మీటాలి. గణవిభజన తప్పిన పిల్లల కాగితాల మీద ఎర్రసిరా ఒలకబోసే పెద్దమనిషిని గదా, లయ నాకొక లెక్కా అనుకున్నాను. తెరమీద నా మీటు ప్రతిదీ ఒక గీతగా పడుతుంది. నాలుగింట మూడు ముందే ఉరికాయి. గురువుగారి గణాలు అలా ఉన్నాయి!

ఏదో అతికించి, అమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాను. ఆవిడ రెండు మాటలు పాడి ఆగిపోయింది. "ఈ టిక్కుటిక్కేమిట్రా, నన్ను తరుముతోంది" అన్నది. నిజమే. ఆ పాటకు తాళం లేదు, ఊయెల ఊపు ఉంది. బిడ్డ కదిలితే ఆగుతుంది, కన్ను మూస్తే నెమ్మదిస్తుంది. దాన్ని 72 దెబ్బలకు కట్టేయబోయిన నా తెలివికి నాకే సిగ్గేసింది.

వాయించిందంతా చెరిపేశాను. మర్నాడు కిటికీలకు బొంతలు కట్టి, ఫాను ఆపి, మైకు ముందు అమ్మను కూర్చోబెట్టి, వట్టి గొంతుతో పాడించాను. మూడో చరణంలో వంటింటి కుక్కరు ఈల వేసింది. అది ఇప్పటికీ అందులో ఉంది.

ఇక గొంతు వెనక వాద్యం చేర్చాలి. చేర్చబోతే శ్రుతి కలవదు! ఒకప్పుడు అయిదున్నరలో పాడిన మనిషి ఇప్పుడు నాలుగుకూ నాలుగున్నరకూ మధ్యకు దిగింది. ఆ స్వరం హార్మోనియం మెట్లమీద లేదు, గిటారు మెట్లమీద అంతకన్నా లేదు. గిటారుకైతే బిరడాలున్నాయి, తీగెలు సవరించుకున్నాను. సింథసైజరులో వెతగ్గా, అర్ధస్వరాన్ని 100 భాగాలు చేసి అటూయిటూ జరిపే ఏర్పాటు దొరికింది. 30 భాగాలు పైకి జరిపేసరికి తంబురాలా పెట్టుకున్న ఆ నాదం వెళ్ళి అమ్మ గొంతులో కలిసిపోయింది. ఆ క్షణంలో నా వొళ్ళు గగుర్పొడిచింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పెడల్సు ఉన్నాయి గదా! ఒకటి స్వరతరంగం నెత్తిని చదునుగా నరికి గరగరలాడిస్తుంది. దాన్ని ముట్టుకోలేదు. రెండోది ప్రతిధ్వని. సెకండులో మూడోవంతుకు పైగా, 350 మిల్లీసెకండ్లకు పెట్టాను. అంటే దాదాపు 60 మీటర్ల దూరాన ఉన్న గోడకు తగిలి శబ్దం తిరిగొచ్చినట్లన్నమాట. మా హాలు మొత్తం 16 అడుగులు. మూడోది గుడి మంటపంలో పాడిన కమ్మదనం ఇస్తుంది. రెండూ కలిపి అమ్మ గొంతుకు దట్టంగా పట్టించి, రాత్రి ఒంటిగంటదాకా విని మురిసిపోయాను.

పొద్దున్నే వినిపిస్తే అమ్మ శ్రద్ధగా విని, "ఎవర్రా ఆవిడ, పాపం, నూతిలో పడి పాడుతోంది?" అన్నది. మా ఆవిడ కాఫీ గ్లాసు అక్కడ పెట్టి లోపలికి పారిపోయింది, నవ్వాపుకోలేక.

అప్పుడు గుర్తొచ్చింది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కథ. న్యూజెర్సీలో తన ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రం మీద నమూనాకని పాడుకున్న పాటలను తర్వాత బృందంతో స్టూడియోలో తీర్చిదిద్దబోయాడు. ఎంత చేసినా క్యాసెట్టులోని జీవం రాలేదు. ఆఖరికి ఆ క్యాసెట్టులోని పాటలే 1982లో "నెబ్రాస్కా" పేరున విడుదలయ్యాయి. దానికీ ఎకో కొంత పట్టించారు లెండి. కాని నూతిలోకి తోయలేదు.

నేనూ పెడల్సు గొంతు మీదనుంచి తీసేశాను. తంబురానాదం లీలగా, చరణం చివర గిటారు రెండేసి మీటులు. అంతే. సాయంత్రం మళ్ళీ వినిపించాను. ఈసారి ఆవిడ ఎవరని అడగలేదు. కళ్ళు మూసుకుని, కాలి బొటనవేలు నేలకానించి, లేని ఊయెలను ఊపుతూ వింది. నాలుగో చరణం అయిపోగానే, "అక్కడాపేశావేం?" అని, తన మానాన తాను అందుకుంది. అయిదో చరణం! మొదటి రెండు పాదాలు వచ్చాయి. మూడో పాదం దగ్గర తడుముకుని, ఆగిపోయింది.

యంత్రం కట్టేసి ఉంది. చేతికందిన పరీక్ష కాగితం వెనక ఆ రెండు పాదాలూ గబగబా రాసుకున్నాను. మర్నాడు వాటిని పాడించి రికార్డు చేశాను కూడా. మిగిలిన రెంటికోసం ప్రతి సాయంత్రం మైకు తగిలించి, పాట పెట్టి, అమ్మ పక్కన కూర్చుంటున్నాను. అబ్బాయికి ఇంకా తెలియదు.