జంట సైకిలు నేర్పిన అర్ధశక్తి

వృద్ధులు వ్యాయామం మానాలన్న వాగ్భటాచార్యులే డెబ్బైయేళ్ల వరకు మధ్యవయస్సని కూడా సెలవిచ్చారు. ఆ ధైర్యంతోనే, అరవై దాటాక, గోదావరిఖనిలోని మా ఇంటికి ఇద్దరు తొక్కే సైకిలు తెప్పించాను. చూపు మందగించిన నా సహధర్మచారిణికి సైకిలెక్కాలన్నది చిన్ననాటి కోరిక.

ముందు కూర్చున్నవారిదే హ్యాండిలు, బ్రేకు. రెండు జతల పెడళ్లను ఒక గొలుసు కలుపుతుంది. ముందువారి వేగమే వెనుకవారి కాళ్లకూ తప్పదు. బొగ్గు లారీల రద్దీ మొదలుకాని వేకువన, కాలనీ వీధిలో నా బలం కొద్దీ తొక్కాను. కొంతదూరం పోగానే ఆమె రొప్పుతూ, "ఏమండీ, మీ సగం బలమే నాకు పూర్తి బలం!" అన్నది.

సిగ్గుతో ఆగాను. వ్యాయామం అర్ధశక్తితోనే చేయాలని దశాబ్దాలుగా రోగులకు చెబుతున్నవాణ్ణి! నుదుట, ముక్కుపై చెమట పట్టి, నోటితో శ్వాస తీయవలసి వచ్చిందంటే అర్ధశక్తి తీరినట్లే. ఇద్దరు కలిసి చేసేటప్పుడు బలహీనుల అర్ధశక్తియే కొలత. ఇప్పుడు ఆమె "చాలు" అన్నచోటే దిగుతున్నాం.

పాఠకులారా! శీతకాలం, వసంతం ఇందుకు అనుకూలం. రాత్రి తిన్నది జీర్ణమయ్యాకే బయలుదేరండి. ముందుగా మోకాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించండి. గుండెజబ్బు, తలతిరుగుడు, కీళ్లవాపు ఉన్నవారు వైద్యుని అడగనిదే సైకిలెక్కవద్దు.