దిగులు – దేహభారము: అధివృక్క గ్రంథుల ప్రభావము

మనసులోని బాధను దేహముతో కొలుచుట తెలుగువారికి చిరకాలముగా అలవాటు. అత్తవారింట కూతురు బెంగపెట్టుకొని చిక్కిపోయినదందురు. అప్పుల దిగులుతో మనిషి సగమైనాడందురు. చింతచే మనిషి చిక్కునని తెలుపు పలుకుబడులు మన భాషలో పెక్కు కలవు. చింతచే మనిషి లావగునని తెలుపు పలుకుబడి మాత్రము సాధారణముగా వినబడదు. నేటి వైద్యశాస్త్రము ఈ రెండవ సంగతియు నిజమే యనుచున్నది. ఒకే దిగులు ఒకరిని ఎండగట్టుటకును, మరియొకరి నడుమున కొవ్వు చేర్చుటకును కారణమేమి? ఆ కారణమును, అందుకు తగిన జాగ్రత్తలను సంగ్రహముగా వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

రెండు చిన్న గ్రంథులు

మూత్రపిండముల పైభాగమున టోపీలవలె రెండు చిన్న గ్రంథులు అమరియున్నవి. వృక్కమనగా మూత్రపిండము, దానిపై నుండునది గనుక వానికి అధివృక్క గ్రంథులని పేరు. ఒక్కొక్కటి సుమారు నాలుగైదు గ్రాముల బరువు తూగును. ఇవి తమ రసములను నాళముల ద్వారా గాక తిన్నగా రక్తములోనికి విడుచును. ఈ రసములకే హార్మోనులని పేరు. గ్రంథియొక్క లోపలి భాగమునుండి ఎడ్రినలిన్, పై పొరనుండి కార్టిసాల్ వెలువడును.

పొలము గట్టున నడచువాని కాలి ముందు పాము కనబడినదనుకొందము. గుండె దడదడలాడును, నోరెండును, చెమట పోయును. ఆకలి మాట మరచిపోవును. ఇది ఎడ్రినలిన్ చేయు పని. జపాను దేశీయుడైన తకామినే ఈ పదార్థమును శుద్ధరూపమున వేరుచేసి 1901లో ప్రకటించెను. ఆపద ఎదురైనపుడు పోరాడుటకో పారిపోవుటకో దేహము ఈ విధముగా సిద్ధపడునని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్ తన 1915 నాటి గ్రంథమున వివరించెను.

కార్టిసాల్ అంత తొందరగా పనిచేయదు. మెదడులోని హైపోథలమస్ అను భాగము పీయూష గ్రంథిని ప్రేరేపించును. పీయూష గ్రంథి అధివృక్కమును ప్రేరేపించును. అపుడు వెలువడిన కార్టిసాల్ రక్తములో చక్కెరను పెంచి, అవసరమైనచో కండలోని మాంసకృత్తులను కరగించియైనను దేహమునకు ఇంధనము సమకూర్చును. ఇది శత్రువు కాదు. ఇది బొత్తిగా లేనిచో ప్రాణము నిలువదు. ఆరోగ్యవంతునిలో ఇది తెల్లవారి మేల్కొను వేళ మిక్కిలి హెచ్చుగను, నడిరేయి సమయమున మిక్కిలి తక్కువగను ఉండును.

మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యే ఎలుకలపై చేసిన పరిశోధనను 1936లో ప్రకటించెను. చలియైనను, గాయమైనను, విషమైనను, బాధ ఏదైనను ఎలుకల దేహమున ఒకే తీరు మార్పులు కలిగినవి: అధివృక్కముల పై పొర ఉబ్బినది, జీర్ణకోశమున పుండ్లు ఏర్పడినవి. మనోదేహముల ఒత్తిడిని గూర్చిన నేటి శాస్త్రమునకు ఇదియొక పునాది.

చిక్కుటయు, లావగుటయు

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. కష్టము వచ్చిన తొలి గడియలలో ఎడ్రినలిన్ ఆకలిని అణచును. పీయూష గ్రంథిని ప్రేరేపించుటకు హైపోథలమస్ విడుచు రసము సైతము ఆకలిని తగ్గించును. కావుననే దుఃఖవార్త విన్నవాని నోటికి ముద్ద పోదు.

పాము అయిదు నిమిషములలో పుట్టలో దూరును. అప్పు అట్లు పోదు. కొడుకు ఉద్యోగము, కూతురి వివాహము, రానివాన అట్లు పోవు. దిగులు నెలల తరబడి నిలిచినపుడు కార్టిసాల్ పదేపదే వెలువడును. అది ఆకలిని పెంచును. అందును తీపి, నూనె వస్తువులపై కోరిక కలిగించును. పెరిగిన చక్కెరను అదుపుచేయుటకు ఇన్సులిన్ హెచ్చును. ఖర్చుకాని ఇంధనము కొవ్వుగా నిలువయగును. కార్టిసాల్ ఆజ్ఞను గ్రహించు శక్తి చర్మము క్రింది కొవ్వునందుకంటె కడుపులోని కొవ్వునందు అధికము. అందువలన పొట్ట ముందుగా పెరుగును.

దీనికి పరాకాష్ఠ హార్వే కుషింగ్ అను వైద్యుడు 1912లో వర్ణించిన వ్యాధి. కార్టిసాల్ మితిమీరిన ఆ రోగులకు ముఖము చంద్రబింబమువలె గుండ్రమగును, పొట్ట పెరుగును, కాలుసేతులు సన్నబడును.

అయితే దిగులుపడిన ప్రతివారికిని ఒకే ఫలము కలుగదు. అమెరికాలో 59 మంది స్త్రీలను పరీక్షించి 2001లో ప్రకటించిన పరిశోధనలో, ఒత్తిడికి గురియైన దినమున కార్టిసాల్ హెచ్చుగా వెలువడినవారు తక్కినవారికంటె ఎక్కువ తినిరి. స్వభావమునుబట్టి ఒకరు చిక్కుదురు, ఒకరు లావగుదురు. మరియొక మాట: సామాన్యముగా లావైనవారి కార్టిసాల్ కుషింగ్ వ్యాధిలోవలె హెచ్చుగా నుండదు. తిండి, శ్రమలేమి, వంశలక్షణము అను పేటలతో కలిసి పేనిన త్రాటిలో దిగులు ఒక పేట మాత్రమే.

నిద్రకును ఇందు భాగము కలదు. షికాగోలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రింపనిచ్చి చూడగా, కడుపు నిండినదని తెలుపు లెప్టిన్ 18 శాతము తగ్గినది. ఆకలి పుట్టించు గ్రెలిన్ 28 శాతము పెరిగినది. ఇది 2004లో వెలువడిన ఫలితము.

చెట్టికరై పరిసరములలో

ధర్మపురి మెట్టప్రాంతమున పూర్వులకు దిగులు లేదనుట సత్యము కాదు. వానలు తప్పిన ఏట వారి దిగులు మనకంటె పెద్దది. కాని రాగిసంగటి తిని పొలమునకును, బావికిని, సంతకును నడచినవారి దేహమున, దిగులు పుట్టించిన ఇంధనము శ్రమలో కరిగిపోయెడిది. నేడు ధర్మపురి చేరువనున్న చెట్టికరైలో ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. అది 2013లో స్థాపింపబడినది. ఇట్టి విద్యాలయములలోని విద్యార్థికి దిగులు బల్లయొద్దనే పుట్టి, బల్లయొద్దనే ముదురును. గ్రంథులు అతనిని పరుగెత్తుటకు సిద్ధపరచును. అతడు కూర్చుండియే యుండును. నడిరేయి టీ, బిస్కత్తు, పరోటా దానికి తోడగును.

తెలుగింటి పిల్లలకు మరియొక బరువు కలదు. ఇంట తెలుగు, బడిలో తమిళము, ఆంగ్లము. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ననుసరించి తమిళము నిర్బంధపాఠ్యమైనది. ఆ నియమము 2006–07లో ఒకటవ తరగతితో మొదలై ఏటేట పై తరగతులకు ప్రాకినది. మూడు భాషలు నేర్చుట మేలే. కాని పరీక్షల వేళ ఆ బిడ్డ మోయు భారమును పెద్దలు గుర్తింపవలెను. అందరికిని వడ్డించి, పొద్దుపోయిన తరువాత మిగిలినది తిని, కోడికూతకు ముందే లేచు తల్లి భారమును గూడ గుర్తింపవలెను.

మందుల విషయమున హెచ్చరిక

1948లో అమెరికా వైద్యుడు ఫిలిప్ హెంచ్ కీళ్లవాతపు రోగికి కార్టిసోన్ ఇచ్చి ఆశ్చర్యకరమైన గుణము చూచెను. 1950లో ఆయనకును, కెండల్, రైఖ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులకును నోబెల్ బహుమానము లభించినది. ఆ జాతి మందులే స్టెరాయిడులు. అవసరమునకు ఇవి ప్రాణదాతలు. కాని మోకాళ్లనొప్పికి, ఆయాసమునకు, ఒళ్లుచేయుటకు అని పేరులేని మాత్రలు, పొడులు కొని వాడువారు పెక్కురు. అందు కలియు అవకాశమున్న డెక్సామెథసోన్ దేహములోని కార్టిసాల్‌కంటె సుమారు 25 రెట్లు బలమైనది. దానివలన వచ్చు నిండుదనము బలము కాదు. లోపల కండ కరగును, ఎముక గుల్లబారును, చక్కెర పెరుగును. అట్లని ఇట్టి మందును చాలకాలము వాడినవారు ఒక్కసారిగా మానరాదు. ఆ కాలమున వారి గ్రంథులు పనిమాని నిదురించియుండును. తటాలున మానినచో ప్రాణాపాయము కలుగవచ్చును. వైద్యుని పర్యవేక్షణలో క్రమముగా తగ్గింపవలెను.

ఉపశమన మార్గములు

మొదటిది నడక. పరుగుకొరకు పుట్టిన ఇంధనమును కాళ్లే ఖర్చుచేయవలెను. వారమునకు 150 నిమిషముల చురుకైన నడక చాలును. పగటి వెలుగున నడచినచో రాత్రి నిద్రయు బాగుగా పట్టును.

రెండవది నిద్ర. పెద్దలకు ఏడు గంటలు, పిల్లలకు అంతకంటె ఎక్కువ అవసరము. పరీక్ష ముందురాత్రి మేల్కొనుట లాభము కాదు.

మూడవది వేళకు భోజనము. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహారనియమములను ప్రకటించినది. ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో 45 శాతమునకు మించరాదని అందు సూచింపబడినది. అనగా సంగటి ముద్ద చిన్నదై, పప్పు, ఆకుకూర, మజ్జిగ పెరుగవలెను.

నాలుగవది మనసు విప్పి మాటలాడుట. నెమ్మదిగా దీర్ఘశ్వాస తీయుట, ప్రార్థన, పాట, నమ్మదగినవారితో నాలుగు మాటలు – ఇవి అప్పును తీర్చవు. కాని గుండెదడను తగ్గించి నిద్రకు దారి చూపును. కార్టిసాల్‌ను తగ్గించునని అమ్ము సీసాలపై ధనము వెచ్చింపనక్కరలేదు.

భారతీయులలో తూకము తక్కువగా నున్నను పొట్ట కొవ్వు హెచ్చుగా నుండుట సాధారణము. కావున త్రాసుతోపాటు టేపును గూడ వాడవలెను. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. కారణము తెలియకయే పొట్ట త్వరగా పెరిగి, ముఖము గుండ్రమై, చర్మముపై ఊదారంగు వెడల్పాటి చారలు కనిపించి, కూర్చున్నచోటినుండి లేచుట కష్టమైనచో, ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

లావైన బిడ్డను నలుగురిలో ఎగతాళి చేయుట చికిత్స కాదు. ఆ ఎగతాళియే మరియొక దిగులై, అదే గ్రంథులను మరల కదలించును. "ఏమి తింటివి?" అని అడుగుటకు ముందు, "ఏమి దిగులు?" అని అడుగుట నేర్చినచో మన ఇండ్లలో సగము వైద్యము జరిగినట్లే.