కౌజు, పూరేడు పిల్లలలో రంగు మార్పులను గుర్తించు విధము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో కొఱ్ఱ, వేరుసెనగ చేలలో గుంటక తోలునప్పుడు, లేదా కోతల సమయమున, బొటనవ్రేలి కొనంత పక్షి పిల్లలు కాళ్ళ సందున పరుగెత్తుట రైతులకు క్రొత్త కాదు. ఇవి ఎక్కువగా పూరేడు పిల్లలు. ఇటీవల పట్టణములలోని పెంపుడు పక్షుల దుకాణములలో “బటన్ క్వెయిల్” అను పేరుతో తెలుపు, వెండి, దాల్చినచెక్క రంగుల చిన్న పక్షులను మంచి ధరకు అమ్ముచున్నారు. ఈ రెంటిని ఒకటిగా భావించి, చేలో దొరికిన లేతరంగు పిల్లను అపురూపమైనదని ఇంటికి తెచ్చువారు కొందరు. రంగును చూచి మురిసి, సాధారణ పక్షికి మూడింతలు ధర పెట్టువారు మరికొందరు. మొదటిది చట్టరీత్యా నేరము. రెండవది చేతి సొమ్ము వదలించుకొనుట. కనుక పిల్ల రంగును చూచుటకు ముందు అది ఏ పక్షియో తెలిసికొనవలెను.

దీనికి కాలి వ్రేళ్ళు చాలును. మన చేలలోని పూరేడుకు ముందరి వ్రేళ్ళు మూడే యుండును, వెనుక వ్రేలు ఉండదు. పెంపకములో నున్న జపాను కౌజుకును, దుకాణములో బటన్ క్వెయిల్ అని పిలువబడు చీనా చిత్రవర్ణపు కౌజుకును వెనుక వ్రేలు కూడ ఉండి, మొత్తము నాలుగు వ్రేళ్ళుండును. పేరు ఒకటే అయినను కులము వేరు. శాస్త్రజ్ఞులు పూరేడును కౌజుల కుటుంబములో గాక, ఉల్లంకి పిట్టల వర్గములో చేర్చినారు. పూరేడులో పెట్టయే పెద్దది, రంగు గలది. చారల పూరేడు పెట్టకు గొంతు నల్లగా నుండును. గ్రుడ్లను పొదిగి పిల్లలను సాకునది పుంజు. కనుక చేలో నల్లని గొంతు గల పక్షి, దాని ప్రక్కన వెలవెల బోయిన చిన్న పక్షి కనబడినచో అది రంగు మార్పు కాదు, ఆలుమగల భేదము మాత్రమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఈ పక్షులను పట్టుట, అమ్ముట నేరము. పిల్లలు బయటపడిన చోట గుంటకను కొంత ప్రక్కకు మళ్ళించి తోలిన, పుంజు తిరిగి వచ్చి వాటిని పిలుచుకొని పోవును. గ్రామోద్యోగులు ఈ సంగతిని రైతులకు తెలియజెప్పుట అవసరము.

ఇక పెంపుడు కౌజుల మాట. 1974లో జపాను కౌజును కాలిఫోర్నియా నుండి మన దేశమునకు తెప్పించి, ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో అభివృద్ధి చేసినారు. అచటి పక్షి పరిశోధన సంస్థ తయారుచేసిన రకములలో తెల్ల రొమ్ముది, పూర్తిగా తెల్లనిది కూడ ఉన్నవి. ఈ రంగులు ఉత్పరివర్తనము వలన కలిగినవి. అనగా తల్లిదండ్రుల నుండి సంక్రమించు జన్యువులో మార్పు వచ్చి, ఆ మార్పు తరువాతి తరములకు దిగుట. తరములకు దిగనిది ఎంత వింత రంగైనను ఉత్పరివర్తనము కాదు.

పిల్లను పొదిగిన వెంటనే చూడరాదు; తడి ఆరి, నూగు విచ్చుకొన్న తరువాత పగటి వెలుతురులో చూడవలెను. సాధారణపు జపాను కౌజు పిల్ల గోధుమ పసుపుగా నుండి, వెన్నుపై నిలువున నల్లని చారలు స్పష్టముగా కనబడును. చారలు కనుమరుగై ఒళ్ళంతయు ముదురు గోధుమగా నున్నచో అది ముదురు రకము. చారలుండియు బంగారు గడ్డివంటి ఛాయ గలది పసుపు రకము. తెల్ల రకపు పిల్ల పుట్టినప్పుడు తెల్లగా నుండదు. కోడిపిల్లవలె పసుపుగా నుండి, తలమీదనో వెన్నుమీదనో ఒక నల్లని మచ్చ యుండవచ్చును. దీనిని పసుపు రకమని పొరబడువారు చాలమంది. చారలున్నవా లేవా అని చూచిన ఆ సందేహము తీరును. కన్ను కూడ చూడవలెను: తెల్ల రకమునకు కన్ను నల్లనిది, పాండురోగపు రకమునకు ఎఱ్ఱనిది. వెండి రకము బూడిద కలిసిన లేత ఛాయతో నుండును. చీనా కౌజు పిల్ల 3, 4 గ్రాములకు మించదు గనుక చారలు చూచుటకు భూతద్దము అవసరము కావచ్చును.

సంతలలో, జాతరలలో గులాబి, ఆకుపచ్చ రంగుల కోడిపిల్లలను చూచియే యుందురు. అది అద్దకము. కౌజు పిల్లపైనను అట్టి మోసము జరుగవచ్చును. తడి దూదితో తుడిచి చూడుడు. నూగును విడదీసి మొదలు చూడుడు. కొనలకు రంగు ఉండి మొదలు వేరుగా నున్నను, ముక్కుకు, కాళ్ళకు మరక అంటియున్నను కొనవద్దు. మూడు నాలుగు వారములలో నూగు పోయి ఈక వచ్చుసరికి ఆ రంగు మాయమగును.

మేత వలన కలుగు రంగు మార్పు మన ప్రాంతమునకు ముఖ్యము. ఇచట వేరుసెనగ చెక్క సులభముగా దొరకును గనుక దానినే ఎక్కువగా పెట్టుదురు. దానిలో లైసిన్, మెథియోనిన్ అను పోషకములు తక్కువ. లైసిన్ చాలని కంచురంగు టర్కీ కోడిపిల్లల రెక్కలపై తెల్లని చారలు వచ్చునని పరిశోధకులు నిరూపించినారు. కనుక కౌజు రెక్కపై అనుకోని తెలుపు కనబడిన, దానిని క్రొత్త రకమని చాటుటకు ముందు దాణాను సరిచేసి, తరువాత వచ్చు ఈకలను చూడవలెను. మొదటి మూడు వారములు దాణాలో మాంసకృత్తులు 24 నుండి 27 శాతము వరకు ఉండవలెను; చెక్కతోపాటు సోయా, చేపపొడి కలుపవలెను. బూజుపట్టిన చెక్కను అసలే వాడరాదు.

జత కట్టుటలో కూడ కొంత లెక్క కలదు. తెల్ల రకపు పుంజును సాధారణ పెట్టతో కలిపిన, పిల్లలన్నియు సాధారణ రంగుతో వచ్చును. అప్పుడు మోసపోతినని తలచి వాటిని అమ్మివేయువారు తొందరపడుచున్నారు. ఆ పిల్లలను తమలో తాము కలిపినచో నాలుగింట ఒకటి చొప్పున తెల్లనివి మరల తేలును. పసుపు రకము మాట వేరు. పసుపును పసుపుతో కలిపినచో, ఆ జన్యువు రెండు వైపుల నుండి చేరిన పిండము గ్రుడ్డులోనే చచ్చిపోవును. ఆ విధముగా నాలుగవ వంతు గ్రుడ్లు నష్టమగును. పొదుగు యంత్రమును నిందించి లాభము లేదు. పసుపును సాధారణ పక్షితోనే కలుపవలెను. దాల్చిన రంగు జపాను కౌజు పుంజును సాధారణ పెట్టతో కలిపినచో, లేత రంగు పిల్లలన్నియు పెట్టలు, ముదురు పిల్లలన్నియు పుంజులు అగును. పొదిగిన దినముననే ఆడమగ తెలియుట రైతుకు నిజముగా పనికివచ్చు లాభము. తెల్ల రకములో ఈ సౌకర్యము లేదు సరికదా, మూడవ వారమున రొమ్ము ఈక చూచి ఆడమగ గుర్తించుటకును వీలుపడదు. మాంసమునకు, గ్రుడ్లకు పెంచువారికి తెల్ల రంగు కొరకు ఎక్కువ ధర పెట్టవలసిన పని లేదని నా అభిప్రాయము.

రంగు నిలుపవలెనని ఒకే తల్లి పిల్లలను తరతరములు కలుపరాదు. కౌజులు ఈ దోషమునకు త్వరగా లొంగును. గ్రుడ్లు పొదుగుట తగ్గి, పిల్లలు బలహీనమగును. పిల్ల కాలికి గుర్తు ఉంగరము తొడిగి, తల్లిదండ్రుల సంఖ్య, పొదిగిన తేది, ఆనాటి రంగు, నాలుగవ వారపు రంగు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. అమ్మువాడు అట్టి పుస్తకము చూపలేనిచో, రంగు పిల్లకు సాధారణ పిల్ల ధర కంటె ఎక్కువ ఇయ్యనక్కరలేదు.