ఇంటి పెద్దలకూ టీకా అవసరమే

టీకా అనగానే ఎవరికైనా పసిబిడ్డలే గుర్తుకు వస్తారు. అయితే బాల్యంలో మశూచి టీకా తప్ప మరొకటి ఎరుగని పెద్దలు పల్లెల్లో నేటికీ ఎందరో ఉన్నారు. మన దేశంలో బాలల టీకాల కార్యక్రమం 1978లో ఆరంభమై, 1985 నుండి సార్వత్రిక కార్యక్రమంగా విస్తరించింది. నేడు అరవై ఏళ్లు పైబడిన వారు అప్పటికే పసితనం దాటినవారు. నాడు అందని రక్షణకు నేడు వయోభారం తోడవుతున్నది.

వయసుతో పాటు వ్యాధి నిరోధక శక్తి ఎందుకు తగ్గుతుంది? శరీరాన్ని కాపాడే తెల్ల రక్తకణాలలో టి-కణాలు ముఖ్యమైనవి. ఇవి ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో పరిపక్వం చెందుతాయి. యౌవనం నుండే ఈ గ్రంథి క్రమంగా కుంచించుకుపోయి, దాని స్థానంలో కొవ్వు చేరుతుంది. అందువలన కొత్త రోగక్రిమిని గుర్తించగల కణాలు వృద్ధాప్యంలో తక్కువగా తయారవుతాయి. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, పోషకాహార లోపం, ధూమపానం ఈ బలహీనతను మరింత పెంచుతాయి.

దీనివలన మరొక ప్రమాదమున్నది. జ్వరం కూడా శరీరం చేసే పోరాటంలో భాగమే. వృద్ధులలో న్యుమోనియా వచ్చినా ఒక్కొక్కసారి ఒళ్లు కాలదు. అన్నం సహించకపోవడం, మాట తడబడటం, మనుషులను గుర్తించలేకపోవడం, నడుస్తూ పడిపోవడం వంటివే తొలి లక్షణాలు కావచ్చు. వాటిని ముసలితనమని సరిపెట్టుకుంటే చికిత్సకు విలువైన సమయం చేజారిపోతుంది.

నిరోధక శక్తి తగ్గితే టీకా మాత్రం ఏం పని చేస్తుందన్న సందేహం సహజమే. వృద్ధులలో టీకా ప్రభావం యువకులలో కంటే తక్కువగా ఉండవచ్చు. అయినప్పటికీ వ్యాధి తీవ్రతను, మరణ ప్రమాదాన్ని అది తగ్గిస్తుంది. కోవిడ్ టీకాను 2021 మార్చి 1 నుండి, ఆరోగ్య సిబ్బంది తదితరుల తరువాత, అరవై దాటిన వారికి ముందుగా ఇచ్చినది ఇందుకే.

వృద్ధులు వైద్యునితో చర్చించవలసిన టీకాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది ఇన్‌ఫ్లూయెంజా టీకా. ఆ వైరస్ తరచు రూపు మార్చుకుంటుంది గనుక దీనిని ఏటా వేయించుకోవాలి. రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే వేయించుకోవడం మేలు. రెండవది న్యుమోకాకస్ క్రిమి వలన వచ్చే న్యుమోనియాను నిరోధించే టీకా.

మూడవది ధనుర్వాతం టీకా. ఈ క్రిమి మట్టిలోను, పశువుల పేడలోను ఉంటుంది. కొడవలి గాటు, ముల్లు గుచ్చుకోవడం చాలు. ఎన్నడూ ఈ టీకా పొందని పెద్దలకు మూడు మోతాదులు, ఆపై పదేళ్లకొకసారి బలపరిచే మోతాదు అవసరం. నాలుగవది అక్కి, అనగా సర్పి టీకా. చిన్ననాటి ఆటలమ్మ వైరస్ నరాలలో దాగి ఉండి, శక్తి తగ్గినప్పుడు తిరిగి విజృంభించడమే అక్కి. పొక్కులు మానినా నరాల నొప్పి నెలల తరబడి వేధించవచ్చు. పొక్కులు కనిపించిన మూడు రోజులలోగా మందు మొదలుపెడితే మేలు. అందుచేత అక్కి వ్రాయించుకొని ఊరుకోక వెంటనే వైద్యుని చూడాలి. దీని నివారణకు రెండు మోతాదుల టీకా 2023 నుండి మన దేశంలో లభిస్తున్నది గాని, ఖరీదు ఎక్కువ.

స్టెరాయిడ్లు, క్యాన్సరు మందులు వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. బలహీనపరచిన సజీవ క్రిములతో చేసిన టీకాలు వారికి తగవు.

ఇంటిల్లిపాదీ టీకాలు వేయించుకోవడం కూడా పెద్దలకు రక్షణే. పసివారికి న్యుమోకాకస్ టీకా వేస్తే ఆ క్రిమి వ్యాప్తి తగ్గి, తాతకూ మేలు కలుగుతుంది.

సరిహద్దు కుటుంబాలకు మరొక జాగ్రత్త. హోసూరు, బళ్లారి, పర్లాకిమిడి, యానాం ప్రాంతాల తెలుగువారు వైద్యానికి ఒకసారి ఈ రాష్ట్రానికి, మరొకసారి ఆ రాష్ట్రానికి వెళ్లవలసి వస్తుంది. ఒకచోటి చీటీ భాష మరొకచోట తెలియకపోవచ్చు. కనుక టీకా పేరు, తేదీ, ఎన్నవ మోతాదు అన్నవి ఒక పుస్తకంలో వ్రాయించి, పిల్లల టీకా కార్డులతో పాటే భద్రపరచాలి. పిల్లలను ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లే రోజున పెద్దల సంగతి కూడా అక్కడి నర్సును అడగడం మంచి ఆరంభం.