సాదా అక్షరాల చిట్టా: ఆర్గ్ మోడ్ మొరాయిస్తే ఏం చేయాలి?

సైన్సు విద్యార్థికి రికార్డు పుస్తకం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. చూసినది చూసినట్టు, చూసినప్పుడే రాసుకోమని ప్రాక్టికల్స్ మొదటి రోజునే మా మాష్టార్లు చెబుతారు. మరి రికార్డులో పట్టని సంగతులు ఎక్కడ రాసుకోవాలి? ఫీజు కట్టవలసిన తేదీ, లైబ్రరీ పుస్తకం గడువు, సెమినారు టాపిక్కు, ఇంటి నుంచి వచ్చిన డబ్బుల లెక్క – వీటిలో ఒకటి సెల్‌ఫోనులో, ఒకటి నోటుబుక్కు చివరి పేజీలో, ఒకటి అరచేతి మీద రాసుకోవడం మనలో చాలామందికి అలవాటు. అవసరం వచ్చినప్పుడు మాత్రం ఏదీ చేతికి దొరకదు.

రెండేళ్లుగా నేను ఇవన్నీ ఒకేచోట రాస్తున్నాను. దాని పేరు ఆర్గ్ మోడ్. దాన్ని పొగడటం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది మొరాయించినప్పుడు తప్పు ఎక్కడుందో ఎలా వెతకాలి, మన అవసరానికి దాన్ని ఎలా మలచుకోవాలి అన్నదే చెప్పదలచుకున్నాను. ఎందుకంటే దీని విషయంలో నేను చేసిన ఒక చిన్న పొరపాటు వల్ల మా ఇంటికి నష్టం జరిగింది. అది కూడా దాచకుండా చెబుతాను.

అసలిది ఏమిటి?

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టింది. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేశారు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రజ్ఞుడైన కార్స్టెన్ డొమినిక్ తన పనులు, నోట్సు సర్దుకోవడానికి 2003లో ఆర్గ్ మోడ్‌ను తయారుచేశారు. 2007లో వచ్చిన ఈమాక్స్ 22 నుంచి అది ఈమాక్స్‌తోపాటే వస్తున్నది. రెండూ ఉచితం.

ఇందులో రాసినదంతా సాదా అక్షరాలే. వరుస మొదట్లో ఒక చుక్క (*) పెట్టి, ఖాళీ వదిలి రాస్తే అది శీర్షిక. రెండు చుక్కలు పెడితే ఉపశీర్షిక. టాబ్ మీట నొక్కితే శీర్షిక కింది విషయం మడతపడుతుంది, మళ్లీ నొక్కితే విచ్చుకుంటుంది. శీర్షికకు ముందు టూడూ అని ఉంటే చేయవలసిన పని, డన్ అని ఉంటే అయిపోయిన పని. తేదీలు వేసిన పనులన్నిటినీ ఏరి వారం పట్టికగా చూపే భాగాన్ని ఎజెండా అంటారు. రేపు ఈమాక్స్ లేకపోయినా ఈ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. మన రాతకు తాళం వేసి తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టుకునే బాధ లేదు.

కనపడని తేదీ

మా నాన్న వేరుశనగ పంట మీద తీసుకున్న బ్యాంకు లోను 1,20,000 రూపాయలు. గడువు లోపల కట్టిన పంట రుణానికి వడ్డీలో 3 శాతం రాయితీ వస్తుంది. ప్రతి ఏడూ ఆ తేదీ చుట్టూ అమ్మ గోడ క్యాలెండర్ మీద సున్నా చుట్టేది. కిందటేడు నేను, "క్యాలెండర్ ఎందుకు నాన్నా, నా దగ్గర ఉంటుంది, రెండు వారాల ముందే చెబుతుంది" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. డెడ్‌లైన్ అని వేసిన తేదీని ఎజెండా మామూలుగా 14 రోజుల ముందు నుంచే చూపిస్తుంది.

ఇంటర్నల్ పరీక్షలు వచ్చాయి. రోజూ ఎజెండా చూస్తున్నాను, లోను సంగతి అందులో లేదు. లేదు కాబట్టి ఇంకా టైముందనుకున్నాను. నాన్న వేరే పనిమీద బ్యాంకుకు వెళ్లినప్పుడు గడువు దాటి తొమ్మిది రోజులైందని తెలిసింది. రాయితీ 3,600 రూపాయలు పోయింది. నాన్న కోప్పడలేదు. "నీ కంప్యూటరు కూడా మరిచిపోతుందేంరా?" అని మాత్రం అడిగాడు.

ఆ రాత్రి కూర్చుని వెతికాను. ఎజెండా తనకు అప్పగించిన ఫైళ్లనే చూస్తుంది. జాబితాలో లేని ఫైలు దాని కంటికి ఆనదు. కాబట్టి ముందు దాన్ని అనుమానించాను. కానీ అదే ఫైలులోని ఫీజు తేదీ సక్రమంగా కనపడుతోంది. అంటే ఫైలు జాబితాలో ఉంది, తప్పు ఆ ఒక్క వరుసలోనే ఉంది. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలింది. ఫీజు తేదీ < > గుర్తుల మధ్య ఉంది. లోను తేదీని నేను ఊళ్లో ఉన్నప్పుడు ఫోనులో టైపు చేస్తూ [ ] గుర్తుల మధ్య పెట్టాను. ఆర్గ్ మోడ్‌లో మొదటిది పనిచేసే తేదీ. రెండోది ఊరికే గుర్తుకోసం రాసుకున్న తేదీ, ఎజెండాలోకి రాదు. కంప్యూటరు మరిచిపోలేదు, నేను చెప్పినట్టే చేసింది.

కనుక ఎజెండాలో పని కనపడకపోతే ఈ మూడూ వరుసగా చూడండి. ఒకటి, ఫైలు జాబితాలో ఉందా? (ఫైలు తెరిచి కంట్రోల్-సి, తర్వాత [ నొక్కితే చేరుతుంది.) రెండు, తేదీకి < > ఉన్నాయా? మూడు, డెడ్‌లైన్ వరుస శీర్షికకు సరిగ్గా కిందనే ఉందా? మధ్యలో ఇంకేదైనా రాస్తే ముందస్తు హెచ్చరిక రాదు. ఈ మూడో తప్పును ఆర్గ్-లింట్ అనే ఆదేశం పట్టి చూపుతుంది. చేత్తో టైపు చేయకుండా కంట్రోల్-సి, కంట్రోల్-డి నొక్కి తేదీ వేస్తే రెండో తప్పూ మూడో తప్పూ జరగవు.

తప్పును సగం సగం చేసి వెతకడం

ఇంకోసారి టాబ్ నొక్కితే శీర్షిక మడతపడటం మానేసింది. ఇలాంటప్పుడు ముందు చేయవలసింది, ఈమాక్స్‌ను హైఫన్, పెద్ద క్యూ అక్షరం చేర్చి మొదలుపెట్టడం. అప్పుడది మన సొంత సెట్టింగులు వేటినీ చదవదు. అక్కడ కూడా పనిచేయకపోతే తప్పు మన సెట్టింగులది కాదు. అక్కడ పనిచేస్తే తప్పు మన సెట్టింగుల ఫైలులో ఉన్నట్టే. నాకు అక్కడ టాబ్ చక్కగా పనిచేసింది.

నా ఫైలు 120 వరుసలు. ఒక్కొక్క వరుసే చూస్తూ పోతే తెల్లవారుతుంది. బోరు నుంచి పొలానికి వేసిన పైపులైనులో నీళ్లు ఆగితే నాన్న మొదటి నుంచి తవ్వుకుంటూ పోడు, మధ్యలో జాయింటు విప్పి చూస్తాడు. అక్కడిదాకా నీళ్లు వస్తే తప్పు అవతలి సగంలో ఉన్నట్టు. నేనూ సగం వరుసలు పనిచేయకుండా చేసి చూశాను. తర్వాత మిగిలిన దానిలో సగం. 2ను ఏడుసార్లు హెచ్చిస్తే 128 కాబట్టి, 120 వరుసలకు ఏడు ప్రయత్నాలు చాలు. ఎక్కడినుంచో అర్థం చేసుకోకుండా ఎక్కించుకున్న ఒక వరుస టాబ్ మీటకు వేరే పని అప్పగించిందని తేలింది. అర్థంకాని వరుస ఎక్కించుకోకూడదని అప్పుడు బుద్ధి వచ్చింది. ఒకసారికి ఒకటే మార్చాలన్న లాబొరేటరీ నియమం ఇక్కడా వర్తిస్తుంది.

వెర్షన్ తేడా మరో చిక్కు. పాత పాఠాల్లో < గుర్తు, ఎస్ అక్షరం, టాబ్ నొక్కమని ఉంటుంది. 9.2 వెర్షన్ నుంచి ఆర్గ్-టెంపో అనే భాగాన్ని పిలుచుకుంటే తప్ప అది పనిచేయదు. కాబట్టి సహాయం అడిగే ముందు ఆర్గ్-వెర్షన్ అనే ఆదేశంతో మీ వెర్షన్ తెలుసుకోండి.

కరెంటు పోయినా కంగారు పడవద్దు. ఈమాక్స్ సాధారణంగా 300 మీటలు నొక్కినప్పుడల్లా, లేదా 30 సెకన్లు ఖాళీ దొరికితే, ఒక అదనపు కాపీ దాస్తుంది. మళ్లీ తెరిచాక రికవర్-దిస్-ఫైల్ అంటే అది తిరిగి వస్తుంది.

లెక్క తప్పిన టైట్రేషన్

నిలువు గీతలతో వరుసలు రాస్తే ఆర్గ్ మోడ్ దాన్ని పట్టికగా సర్దుతుంది, కింద సూత్రం రాస్తే లెక్క కూడా కడుతుంది. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు ఇది బాగా ఉపయోగం. అయితే రెండు గుంటలున్నాయి.

మొదటిది: రీడింగు మార్చినంత మాత్రాన జవాబు తనంతట తాను మారదు. సూత్రం వరుస మీద కంట్రోల్-సి రెండుసార్లు నొక్కాలి. లేకపోతే కొత్త రీడింగు పక్కన పాత జవాబు కూర్చుని ఉంటుంది.

రెండోది: ఇక్కడ గుణకారం భాగహారం కన్నా ముందు జరుగుతుంది. బ్యూరెట్ రీడింగు 18, పిపెట్ 20, ద్రావణం 0.1 నార్మల్ అనుకోండి. నేను 18/20*0.1 అని రాశాను. రావలసింది 0.09. అది ముందు 20ని 0.1తో గుణించి, 18ని 2తో భాగించి 9 అని చూపింది. నూరు రెట్లు తప్పు! (18/20)*0.1 అని బ్రాకెట్లు పెడితే సరిపోతుంది. జవాబు ఎంత ఉండాలో మనసులో ముందే అంచనా వేసుకోవడం వల్లనే ఆ తప్పు దొరికింది.

తెలుగులో రాస్తే

తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా కనపడటానికి 2020లో వచ్చిన ఈమాక్స్ 27 గానీ ఆ తర్వాతది గానీ వాడటం మంచిది. హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు కూర్చే భాగం అప్పటినుంచి అందులో ఉంది. నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు ఒకటి ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగును తెచ్చి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అది ఆర్గ్ మోడ్ తప్పు కాదు, ఆ రాత యూనికోడ్ కాదు. తెలుగు అక్షరాల వెడల్పులు సమానంగా ఉండవు కనుక పట్టికలో నిలువు గీతలు వంకర పోతాయి. తెలుగు మాటలను చివరి గడిలో పెట్టుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. పీడీఎఫ్ తీసేటప్పుడు కంపైలరును జీలాటెక్‌కు మార్చి, తెలుగు ఫాంటు పేరు చెప్పాలి.

మనకు తగ్గట్టు

టూడూ, డన్ అన్న మాటలే ఉండాలన్న నియమం లేదు. నా ఫైలులో "చేయాలి, అడగాలి, అయింది" అని పెట్టుకున్నాను. "అడగాలి" కింద లెక్చరర్లను అడగవలసిన సందేహాలు చేరతాయి. ఈ మాటలు మార్చాక ఆ వరుస మీద కంట్రోల్-సి రెండుసార్లు నొక్కకపోతే కొత్త మాటలను అది గుర్తించదు. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఇక ఎజెండా జాబితాలో ఒక్కొక్క ఫైలు పేరు కాక మొత్తం ఫోల్డరు పేరే ఇచ్చాను. అందులో కొత్త ఆర్గ్ ఫైలు ఏది పెట్టినా దానంతట అదే చేరుతుంది.

లోను తేదీకి ఇప్పుడు + గుర్తుతో ఏడాదికొకసారి తిరిగి వచ్చే ఏర్పాటు చేశాను. వేసిన మరుక్షణమే ఎజెండాను ఆ నెలకు తిప్పి, కళ్లతో చూసి నిర్ధారించుకున్నాను. ఏ కొత్త తేదీ వేసినా ఇప్పుడు ఇలాగే చేస్తున్నాను. పనిముట్టు ఏమీ చూపకపోవడానికి కారణాలు రెండు: పని లేకపోవడం, లేదా అది ఆ పనిని చూడలేకపోవడం. రెండూ పైకి ఒకలాగే ఉంటాయి. తేడా తెలుసుకోవలసింది మనమే.

ఈ ఏడు ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు కొత్త క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ సున్నా నేనే చుట్టాను. అమ్మ చూసి నవ్వింది. గడువుకు పన్నెండు రోజుల ముందే లోను కట్టేశాం.