రోగికి సెలైను – అతిధ్వనుల సాక్ష్యము

ఇంటిలో నెవరికైన జబ్బు చేసినచో “సెలైను పెట్టించితిరా?” యని యడుగుట మనలో వాడుక. నీరు ప్రాణాధారమే. కాని ప్రమాదస్థితిలోనున్న రోగికి అది యెప్పుడు మేలు చేయును, ఎప్పుడు కీడు చేయును? ఈ ప్రశ్నకు అతిధ్వనులు చూపుచున్న త్రోవను ఇచట వివరింపదలచితిమి.

1832లో కలరా వ్యాపించినపుడు, స్కాట్లండు దేశమందలి లీత్ పట్టణపు వైద్యుడు థామస్ లాట్టా ఉప్పునీటిని సిరలలోనికెక్కించి, మృత్యుముఖముననున్న కొందరిని బ్రదికించెను. నేటి సెలైను చికిత్సకు అదియే నాంది. అయినను మితిమీరిన నీరు ఊపిరితిత్తులలో చేరి శ్వాసకు అడ్డు వచ్చును. 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో ఉగాండా, కెన్యా, టాంజానియా దేశములందు తీవ్రజ్వరముతో రక్తప్రసరణ మందగించిన 3,141 మంది పిల్లలను పరిశీలించిరి. వేగముగా ద్రవమెక్కించిన వారిలో 48 గంటలలోపల నూటికి 10 మందికి పైగా మరణింపగా, అట్లు ఎక్కింపని వారిలో మరణించినది నూటికి సుమారు 7 గురు. విరేచనములచే నీరు కోల్పోయిన పిల్లలు వీరిలో చేరరు.

మన చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపనములుగల ధ్వనినే వినును. అంతకు మించినవి అతిధ్వనులు. ప్రోబు అను చిన్న పరికరమును చర్మముపై నుంచగా, ఇవి శరీరములో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగముతో పోయి, అవయవములను తాకి, ప్రతిధ్వనులై మరలివచ్చును. అందులకు పట్టిన కాలమునుబట్టి యంత్రము తెరపై బొమ్మ గీయును. 1953లో స్వీడను దేశపు లుండ్ నగరమున ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు ఈ విధముననే గుండె కదలికలను గుర్తించిరి.

వైద్యుడు గుండెతోపాటు, దేహపు క్రిందిభాగమునుండి దానికి రక్తము చేర్చు మహాసిరను చూచును. తానుగా శ్వాసించు రోగిలో ఈ సిర 2.1 సెంటీమీటర్లకు మించక, ముక్కుతో గట్టిగా గాలి పీల్చినపుడు సగమునకు పైగా ముడుచుకొనినచో, గుండె కుడిగదిలో ఒత్తిడి హెచ్చుగా లేదని యర్థము. ఈ యొక్క గుర్తునే నమ్మరాదు. ఆరోగ్యవంతులలోను సిర ముడుచుకొనవచ్చును. ఊపిరితిత్తులను చూచునపుడు తెరపై పెక్కు నిలువు తెల్లగీతలు కనబడినచో, అచట నీరు చేరెనేమో యని యనుమానింతురు.

ఇంకొక యుక్తి కలదు. రోగి మొండెమును చదునుగా దించి కాళ్లను 45 డిగ్రీలు ఎత్తినచో, సుమారు 300 మిల్లీలీటర్ల రక్తము గుండెవైపునకు వచ్చును. కాళ్లు దింపగనే అది మరల వెనుకకు పోవును. చుక్క సెలైనైన నెక్కింపని పరీక్ష యిది! అపుడు గుండెనుండి వెలువడు రక్తపు వేగమును డాప్లర్ సూత్రముచే కొలుతురు. దరికి వచ్చు రైలుకూత హెచ్చుస్థాయిలోను, దూరమగు రైలుకూత తగ్గుస్థాయిలోను వినబడుటకు కారణమైన సూత్రమే యది. ప్రవాహము నూటికి 10 వంతులైనను పెరిగినచో, ద్రవమునకు గుండె స్పందించునని తెలియును. తీవ్రరోగులలో అట్టివారు ఇంచుమించు సగము మందియే. స్పందించినంత మాత్రమున సెలైను కావలెననియు కాదు. ఆరోగ్యవంతుని గుండెయు నట్లే స్పందించును.

కావున యంత్రము సాక్షి మాత్రమే. నాడిని, రక్తపుపోటును, మూత్రపు పరిమాణమును కలిపి చూచి తీర్పు చెప్పువాడు వైద్యుడు. తల్లిదండ్రులకు మా విన్నపమొకటి: “సెలైను ఏల పెట్టరు?” అని తొందరపెట్టుటకు బదులు “అవసరమున్నదా?” అని యడుగుడు. ఆ ప్రశ్నయే ఒక్కొకప్పుడు ప్రాణము నిలుపును.